విడిచిపెట్టుటలోని విద్య: ఛాయాచిత్రము వర్ణచిత్రమగు విధము

జడలో మల్లెచెండు తురుముకొని నిలుచున్న యొక బాలిక ఫొటోను కంప్యూటరులో బొమ్మలు దిద్దు సాఫ్ట్‌వేరులో తెరచి, మసక చేయు సాధనమును దానిపై ఒకమారు ప్రయోగించి చూడుడు. వివరములు తగ్గును, రేకుల అంచులు కరగును, వెండ్రుకలు విడివిడిగా కనబడక నల్లని ముద్దయగును. కాని ఆ ఫలితమును చూచి యిది చిత్రకారుడు వేసిన బొమ్మ యని యెవ్వరును అనరు. తీయువాని చేయి కదలినదనియో, లెన్సుకు ఆవిరి పట్టినదనియో అందురు. ఇక అదే బాలికను చేయి తిరిగిన చిత్రకారు డొకడు నీటిరంగులతో చిత్రించెననుకొందము. అతడు వెండ్రుకలను లెక్కించి వేయడు. నాలుగైదు కుంచె గీటులలో జడ ముగించును. మల్లెలలో సగమింటికి రేకులు చూపక తెల్లకాగితమునే పువ్వుగా వదలివేయును. వెనుకటి గోడను ఒక పలుచని పూతతో సరిపుచ్చును. వివరముల లెక్క కట్టినచో అతని చిత్రము మసక ఫొటోకంటెను పేదదే. అయినను దానిలో మనకు లోపమేమియు తోపదు. రెండింటను వివరములు నశించినవి. ఒకదానిలో నశించినందుకు విసుగుకొందుము, మరియొకదానిలో నశించినందుకు ముచ్చటపడుదుము. ఈ భేద మెక్కడినుండి వచ్చినది? ఫొటోను వర్ణచిత్రముగా మార్చు ఫిల్టరుల చరిత్ర యంతయు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలోనే నడచినది.

పక్షపాత మెరుగని యంత్రము

కెమెరా పక్షపాత మెరుగని యంత్రము. అడ్డముగా 4000, నిలువుగా 3000 పిక్సెళ్లు గల సామాన్యమైన ఫొటోలో మొత్తము 1 కోటి 20 లక్షల పిక్సెళ్లుండును. ఒక్కొక్క పిక్సెలునకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగుల పాళ్లు 0 మొదలుకొని 255 వరకు గల అంకెలుగా వ్రాయబడి యుండును. బాలిక కనుపాపకు దక్కిన మర్యాదయే ఆమె వెనుక గోడమీద ఊడిన సున్నపు పెచ్చునకును దక్కును. చిత్రకారు డట్లు కాదు. అతడు రెండు విధముల పక్షపాతము చూపును. ఒకే వస్తువు లోపల నుండు చిన్నచిన్న హెచ్చుతగ్గులను ఉపేక్షించి, వస్తువునకు వస్తువునకు నడుమ నున్న అంచును కాపాడుట మొదటిది. ఆ అంచులలో సైతము అన్నిటిని సమానముగా నిలుపక, చూపరి కన్ను వ్రాలవలసిన చోట వానిని తీర్చి, తక్కినచోట్ల కరగనిచ్చుట రెండవది. మొదటి పక్షపాతమును యంత్రమునకు నేర్పవచ్చునని యేబది యేండ్లనాడే తేలినది. రెండవదానితో శాస్త్రజ్ఞులు నేటికిని పెనుగులాడుచున్నారు.

అంచునకు ఇంతటి ప్రాధాన్యము కలుగుటకు కారణము మన చూపులోనే యున్నది. డేవిడ్ హ్యూబెల్, టార్‌స్టెన్ వీజెల్ అను శాస్త్రజ్ఞులు 1950ల చివర పిల్లి మెదడులో దృష్టికి సంబంధించిన భాగమును పరీక్షించి, అచ్చటి కణములలో అనేకములు ఎల్లెడల ఒకే తీరున పరచుకొన్న వెలుగును అంతగా లెక్కచేయక, ఒకానొక వాలులో నుండు చీకటివెలుగుల సరిహద్దు ఎదుట పడినప్పుడు మాత్రము చురుకుగా స్పందించుచున్నవని కనుగొనిరి. 1981లో వారికి నోబెల్ బహుమానములో భాగము లభించుటకు ఈ పరిశోధనయే ఆధారము. బాపు గీసిన కొలదిపాటి గీతలలో మనకు నిండు మనిషి కనబడుటకును, అదే మనిషి మసక ఫొటోలో కనబడీ కనబడకుండుటకును మూల మిచ్చటనే కలదు. ఉపరితలమునందలి నలుసులు పోయినచో మెదడు వానిని స్వయముగా పూరించుకొనును. అంచు పోయినచో దేనిని పూరింపవలెనో దానికి తెలియదు.

సగటు చేయు చేటు

ఈ సంగతిని అంకెలలో చూచిన స్పష్టపడును. సౌలభ్యము కొరకు రంగులను ప్రక్కకు పెట్టి వెలుగును మాత్రమే తీసికొందము: 0 అనగా కటిక నలుపు, 255 అనగా తెల్లని తెలుపు. బాలిక జడలోని పిక్సెళ్ల విలువలు 20 మొదలు 30 వరకును, మల్లెరేకులోనివి 225 మొదలు 235 వరకును ఉన్నవనుకొందము. జడ ముగిసి రేకు మొదలగు చోట, జడవైపు చిట్టచివరి పిక్సెలును పట్టుకొని, దాని చుట్టును అడ్డమునకు 5, నిలువునకు 5 చొప్పున 25 పిక్సెళ్ల చిన్న గడి నొకదానిని గీయుదము. ఎడమనుండి మూడు నిలువు వరుసలు జడవి, తక్కిన రెండును రేకువి. మసక చేయు ఫిల్టరు ఈ 25 విలువల సగటును కట్టి నడిమి పిక్సెలులో పెట్టును. జడను 25 గను, రేకును 230 గను తీసికొన్నచో సగటు 107 వచ్చును. ఆ ప్రక్కనే, రేకువైపునున్న మొదటి పిక్సెలునకు ఇదే పని చేసినచో 148 వచ్చును. మొదట ఈ రెండు పిక్సెళ్ల నడుమ 205 పాళ్ల యంతరముండెను; ఇప్పుడు 41 మాత్రమే మిగిలినది. అంతేకాదు, 107 అను బూడిదరంగు జడలోను లేదు, రేకులోను లేదు. ఏ వస్తువునకును చెందని మురికి ఛాయ యొకటి వచ్చి సరిహద్దులో కూర్చున్నది. మసక ఫొటోను చూచినప్పుడు కన్ను చికాకు పడుట ఈ ఛాయ వలననే.

నలుగురు సాక్షులు

ఈ చిక్కును విడదీసిన యుక్తి చిత్రకళాశాలలో పుట్టినది కాదు. గుండెలోనికి రేడియోధార్మిక పదార్థమును పంపి తీయు చిత్రములలో చుక్కలు చుక్కలుగా గందరగోళ మధికముగా నుండును. ఆ చుక్కలను నునుపు చేయవలెను, కాని గుండె గదుల గోడలు చెరగిపోరాదు. ఈ వైద్యావసరమునకై జపానుకు చెందిన మిచియోషి కువహరాయు, అతని సహచరులును 1976లో ప్రకటించిన పద్ధతియే నేడు కువహరా ఫిల్టరను పేరున ప్రసిద్ధి చెందినది. వైద్యుల కొరకు పుట్టిన సాధనము కాలక్రమమున కుంచెగా మారుట ఈ చరిత్రలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము.

పద్ధతి యిది. పైన చెప్పిన 25 పిక్సెళ్ల గడినే తీసికొని, దానిని ఒక్క గడిగా చూడక, నాలుగు మూలలయందును మూడు మూళ్ల తొమ్మిది పిక్సెళ్ల చిన్న గడులను నాల్గింటిని గుర్తింతురు. నడిమి పిక్సెలు నాల్గింటికిని ఉమ్మడిగా నుండును. ఒక్కొక్క చిన్న గడికి రెండు సంగతులను లెక్కింతురు: దానిలోని విలువల సగటు ఎంత, ఆ విలువలు తమలో తాము ఎంత దూరముగా చెదరి యున్నవి. ఒక తగవునకు నలుగురు సాక్షులు వచ్చినప్పుడు తెలిసిన పెద్దమనిషి నలుగురి మాటలను కలగలిపి సగము సగముగా తీర్పు చెప్పడు. ఎవని మాటలో పూర్వాపర వైరుధ్యము అతి తక్కువగా నున్నదో వానిని నమ్మి, తక్కిన ముగ్గురిని ప్రక్కకు నెట్టును. కువహరా ఫిల్టరు చేయునదియు నదియే: నాలుగు గడులలో చెదరుట యేదానిలో స్వల్పమో దాని సగటునే నడిమి పిక్సెలునకు కట్టబెట్టును.

మన యుదాహరణములో, జడవైపు చివరి పిక్సెలునకు ఎడమనున్న రెండు గడులును పూర్తిగా జడలోనే యుండును. వాని విలువలు 20కిని 30కిని నడుమనే మసలును. కుడివైపు గడులలో ఒక వరుస జడది, రెండు వరుసలు రేకువి. అందు వైరుధ్యము మెండు. కనుక ఎడమ సాక్షి నెగ్గును, పిక్సెలునకు 25 దక్కును. ఒక్క అడుగు కుడివైపునకు జరిగి రేకు పిక్సెలును పట్టుకొన్నచో, ఈమారు కలగాపులగమగునవి ఎడమ గడులు. కుడి గడులు కేవలము రేకు. పిక్సెలునకు 230 దక్కును. 25 ప్రక్కన 230: అంచు చెక్కుచెదరలేదు. కాని జడ లోపలి 20, 23, 28, 30 అను చిల్లర భేదములును, రేకు లోపలి నలుసులును మాసిపోయి, ఒక్కొక్క చోట ఒక్కొక్క నున్నని పూత ఏర్పడినది. అంచు వాడిగా నుండి లోపల చదునైన పూతలుండుటయే కుంచెపని లక్షణము గనుక, చూచువానికి ఇది తైలవర్ణచిత్రము వలె తోచును.

చదరపు గడులతో చేసినప్పుడు పూతలును చదరములుగా, గళ్లగుడ్డ వలె కనబడుట ఈ ఫిల్టరునందలి లోపము. 2009లో కిప్రియానిడిస్, కాంగ్, డ్యోల్నర్ అను ముగ్గురు పరిశోధకులు చదరమునకు బదులు కోలగా సాగిన వలయమును తీసికొని, దానిని ముక్కలుగా చీల్చి, ఆ కోలను అంచు సాగు దిక్కుననే వాల్చునట్లు సవరించిరి. అప్పటినుండి జడ పొడవునను, చీర కుచ్చెళ్ల వెంటను పూతలు సాగుట మొదలైనది.

[ప్రత్యేక వివరణ] జింప్‌లో చేసి చూచువారికి

బర్క్‌లీ విద్యార్థులిద్దరు 1995లో ఆరంభించిన జింప్ అను ఉచిత సాఫ్ట్‌వేరులో, 'ఫిల్టర్స్' మెనూ క్రింద 'ఆర్టిస్టిక్' అను భాగమున 'ఆయిలిఫై' అను ఫిల్టరు కలదు. ఇది సాక్షుల పద్ధతిని గాక సంఖ్యాబలమును నమ్ముకొన్నది. ప్రతి పిక్సెలు చుట్టును ఒక వలయము గీసి, అందలి పిక్సెళ్లను వెలుగును బట్టి కొన్ని గుంపులుగా విడదీసి, ఏ గుంపులో జనము అధికమో దాని రంగునే నడిమి పిక్సెలునకు ఇచ్చును. 'మాస్క్ రేడియస్' అనునది వలయపు పరిమాణము. దానిని పెంచినకొలది కుంచె వెడల్పగును. 'నంబర్ ఆఫ్ ఇంటెన్సిటీస్' అనునది గుంపుల సంఖ్య. తగ్గించినచో ఛాయలు మోటుగా విడిపోవును. 'ఎక్స్‌పొనెంట్' అనునది పెద్ద గుంపునకు ఎంత పలుకుబడి ఇయ్యవలెనో నిర్ణయించును. ఫొటోను ముందుగా నకలు లేయరుగా చేసికొని, ఫిల్టరును ఆ నకలుపై నడపి, దానికి లేయర్ మాస్కు తగిలించి, కన్నులు, పెదవులు, వ్రేళ్లు ఉన్నచోట నల్లరంగుతో మాస్కుపై దిద్దినచో, ఆయా తావులలో అడుగునున్న అసలు ఫొటో తిరిగి కనబడును. ముఖచిత్రములకు ఈ చివరి పని తప్పనిసరి. ఏలన, కనుపాపలోని తెల్లని మెరుపు చుక్క సంఖ్యాబలము లేనిది గనుక మొట్టమొదట నశించునది అదియే.

కుంచె నడచు దిక్కు

ఇంతవరకు చెప్పిన ఫిల్టరులు పూతను ఇచ్చినవి గాని గీటును ఇయ్యలేదు. నిజమైన కుంచెకు ఒక నడక యుండును: బుగ్గపై వంపు తిరుగును, జడపై జారును, నీటిపై అడ్డముగా సాగును. ఆ నడకను యంత్రమునకు నేర్పు ప్రయత్నము 1990లో పాల్ హేబర్లీ చేసిన పనితో స్ఫుటముగా మొదలైనది. అతని పద్ధతిలో తెరపై మనుష్యుడు మౌసును కదలించుచుండగా, ప్రతి గీటును తాను పడిన చోట అడుగునున్న ఫొటోలోని రంగును తెచ్చుకొనును. చేయి మనిషిది, రంగు ఫొటోది. ఏడేండ్ల తరువాత పీటర్ లిట్వినోవిచ్ మనిషి చేతి యవసరమును తొలగించి, గీటులను యంత్రమే పరచునట్లును, ఎదురైన అంచు దగ్గర గీటు ఆగిపోవునట్లును ఏర్పాటు చేసెను.

దిక్కును కనుగొను విధము సూక్ష్మముగా చెప్పవచ్చును. ఒక పిక్సెలునకు ఎడమ కుడి పొరుగువారి నడుమ వెలుగు భేద మెంతయో, పైక్రింది పొరుగువారి నడుమ ఎంతయో తీసికొని రెండింటిని జోడించినచో, వెలుగు అత్యంత వేగముగా మారు దిక్కు దొరకును. ఆ దిక్కు అంచునకు అడ్డముగా పోవునది. కుంచెను దానికి లంబముగా, అనగా అంచు వెంటనే నడపవలెను. కాని చదునైన గోడయందును, ఆకాశమునందును మార్పే లేదు గనుక దిక్కు దొరకదు. అచ్చటి చిల్లర నలుసులను నమ్మినచో గీటులు చెల్లాచెదరగా పడును. అందుచేత అట్టి తావులు చుట్టుపట్లనున్న బలమైన అంచుల దిక్కును అరువు తెచ్చుకొనవలెను. ఇచ్చట నొక మెలిక కలదు. సన్నని వెండ్రుకపాయకు ఎడమ అంచున వెలుగు నుండి చీకటికిని, కుడి అంచున చీకటినుండి వెలుగునకును మార్పు జరుగును. రెండింటిని బాణములుగా గీచి సగటు కట్టినచో ఎదురెదురు బాణములు ఒకదాని నొకటి రద్దు చేసికొని ఏమియు మిగులదు. కావున గణితజ్ఞులు బాణమునకు మొన తీసివేసి, దాని వాలును మాత్రమే లెక్కలోనికి తీసికొందురు. మొన లేని గీతలు రెండును ఒకే వాలున నుండుటచేత రద్దు గాక బలపడును. జడ కొస వరకు గీటులు తడబడక సాగుట ఈ చిన్న యుపాయపు చలువయే.

1998లో ఆరన్ హెర్ట్జ్‌మన్ చిత్రకారుని మరియొక యలవాటును యంత్రమునకు ఒప్పగించెను. చిత్రకారుడు మొదట పెద్ద కుంచెతో స్థూలముగా పూసి, పిదప అవసరమైన చోట్ల మాత్రమే సన్న కుంచె నెత్తును. హెర్ట్జ్‌మన్ పద్ధతిలో యంత్రము పెద్ద గీటులతో ఒక వరుస పరచి, దానిని ఫొటోతో సరిపోల్చి, భేదము ఒక మితిని దాటిన తావులలో మాత్రమే అంతకంటె చిన్న కుంచెతో తిరిగి వంపుల గీటులు వేయును. తత్ఫలితముగా గోడపై వెడల్పాటి పూతలు మిగిలిపోవును, పువ్వులపై సన్నగీటులు చేరును.

తడి ఆరిన జాడ, పూతల మందము

నీటిరంగుల సొగసు కుంచెలోకంటె నీటిలో నెక్కువ గలదు. కాగితముపై రంగునీటి మడుగు ఆరునప్పుడు దాని అంచు కాగితమును పట్టుకొని కదలక నిలుచును. అంచున నీరు పలుచగా నుండి త్వరగా ఆవిరియగును. ఆ లోటును పూరించుటకు నడుమనుండి నీరు అంచువైపు పారును. పారుచు రంగు రేణువులను వెంట తెచ్చి అచ్చట దింపివేయును. అందుచేత ఆరిన పూత నడుమ లేతగను, చుట్టును ముదురు గీత గీచినట్లును కనబడును. బల్లపై ఒలికిన కాఫీ చుక్క ఆరిన పిదప గోధుమరంగు వలయము మిగులుట కిదియే కారణమని 1997లో 'నేచర్' పత్రికలో భౌతికశాస్త్రజ్ఞులు వివరించిరి. అదే సంవత్సరమున కాసిడీ కర్టిసును, అతని సహచరులును ఈ నీటి ప్రవాహమును, రేణువులు దిగుటను, కాగితము పీల్చుకొనుటను మూడు పొరలుగా కంప్యూటరులో లెక్కగట్టి నీటిరంగుల చిత్రములను పుట్టించిరి. సామాన్యమైన ఫిల్టరులు ఇంత శ్రమపడవు; పూతలను చదును చేసి, వాని అంచులను కొంచెము ముదురు చేసి, కాగితపు గరుకును పైన పరచి ముగించును. కన్ను చాలవరకు ఒప్పుకొనును.

తైలవర్ణములలో మందముండును. ఫొటోషాప్‌లోని 'ఆయిల్ పెయింట్' ఫిల్టరులో గీటుల కొలతను, కుంచెపోచల జాడను నిర్ణయించు మీటలతోపాటు వెలుగు ఏ కోణమునుండి పడవలెనో, ఎంత మెరయవలెనో చెప్పు మీటలు గూడ నుండుట ఇందుకే. గీటును యంత్రము చిన్న గట్టుగా ఊహించి, వెలుగు వచ్చు వైపు వాలును తెలుపు చేసి, అవతలి వాలును చీకటి చేయును. వెలుగు పైనుండి వచ్చునని మన చూపు స్వభావతః నమ్మును గనుక, కోణమును పైవైపున నుంచినప్పుడు గీటులు ఉబ్బినట్లును, క్రిందివైపునకు త్రిప్పినప్పుడు అవే గీటులు గాళ్లువడినట్లును తోచును. నమ్మనివారు మీటను త్రిప్పి చూడవచ్చును.

యంత్రమునకు పూర్వము

ఈ కోరిక కంప్యూటరుతో పుట్టినది కాదు. 19వ శతాబ్దపు చివర ఫొటోను కళగా గుర్తింపుమని వాదించిన యూరపు ఛాయాచిత్రకారులలో ఫ్రాన్సు దేశస్థుడైన రాబేర్ దెమాషీ, తుమ్మజిగురులో రంగుపొడిని, బైక్రోమేటు లవణమును కలిపి కాగితముపై పూసి, దానిపై నెగెటివు నుంచి వెలుగు సోకించెడివాడు. వెలుగు సోకినచోట జిగురు గట్టిపడును. సోకనిచోట నీటితో కడిగినచో పోవును. కడుగునప్పుడు అతడు కుంచె పట్టి తనకు వలదన్న వివరములను తుడిచివేసెడివాడు. ఆనాటి కుంచెయు రంగు చేర్చుటకు గాక వివరమును విడిచిపెట్టుటకే పనికి వచ్చినదన్నమాట. మన దేశములోని స్టూడియోలు దీనికి ఎదురు దారి త్రొక్కినవి. నలుపుతెలుపు ఫొటోపై నీటిరంగులను పూసి, నగలు మెరయించి, తివాచీలు పరచి, కొన్నిమార్లు అడుగున ఫొటో యున్నదను జాడయే తెలియకుండ కప్పివేసెడివారు. పెదవులకు ఎరుపును, చీర అంచునకు జరీరంగును దిద్దిన పెద్దల ఫొటోలు తెలుగు ఇండ్ల గోడలపై నేటికిని కానవచ్చును.

ఏది ముఖ్యము?

హెర్ట్జ్‌మన్ యంత్రమును మన బాలిక ఫొటోపై నడపినచో ఒక విపరీతము కనబడును. ముఖము నున్నగా నుండును గనుక అచ్చట భేదములు స్వల్పము. యంత్రము పెద్ద కుంచెతో తృప్తిపడును. ఆమె చీర అంచున జరీయును, వెనుకనున్న కరివేపచెట్టు ఆకులును భేదముల పుట్టలు. యంత్రము సన్న కుంచెతో అచ్చటనే శ్రమించును. చిత్రకారుడు దీనికి సరిగా విరుద్ధముగా చేసియుండును. వివరము దట్టముగా నున్న తావు వేరు, ముఖ్యమైన తావు వేరు. మొదటిది పిక్సెళ్లలో నున్నది. రెండవది చూచువానిలో నున్నది.

చూచువానిలో నున్నదానిని చూచువానినుండియే రాబట్టవలెనని డగ్ డికార్లో, ఆంథొనీ సాంటెల్లా అను పరిశోధకులు 2002లో ఒక చక్కని ప్రయత్నము చేసిరి. ఫొటోను ఒక మనిషికి చూపి, అతని చూపు ఎచ్చట నిలిచినదో, ఎంతసేపు నిలిచినదో కంటి కదలికలను పట్టు పరికరముతో నమోదు చేసి, చూపు నిలిచినచోట అంచులను, ఛాయలను కాపాడి, నిలువనిచోట పెద్ద చదునైన పూతలుగా సరళము చేసిరి. ఇందు మనుష్యుడు కుంచె పట్టలేదు, మీట త్రిప్పలేదు, ఊరక చూచినాడు. అయినను ఆ చిత్రములోని ఎంపిక యతనిది. నా దృష్టిలో ఈ చరిత్రయంతటిలో చిత్రకారుని మనస్సునకు మిక్కిలి చేరువగా పోయిన మెట్టు ఇదియే. దీని తరువాత వచ్చినవి అధికముగా ఆశ్చర్యము గొలిపినను, ఈ ప్రశ్నకు ఇంత సూటిగా సమాధానము చెప్పలేదు. నేటి ఫోనులు ముఖమును గుర్తుపట్టి దానిని ప్రత్యేకముగా చూచుట ఈ దారిలో ఒక చిన్న భాగము మాత్రమే. చిత్రములో ముఖ్యమైనది ప్రతిసారియు ముఖమే కానక్కరలేదు.

శైలిని అరువు తెచ్చుట

2015లో జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమునకు చెందిన లియోన్ గాటిస్, అలెగ్జాండర్ ఎకర్, మథియాస్ బేత్గే ప్రకటించిన పద్ధతి వేరు తీరుది. ఫొటోలలోని వస్తువుల పేర్లు చెప్పుటకై ఆక్స్‌ఫర్డులో శిక్షణ పొందిన 19 పొరల కృత్రిమ నాడీజాలమును వారు తీసికొనిరి. అట్టి జాలములో తొలి పొరలు అంచులను, రంగుమరకలను పట్టును. లోపలి పొరలు కన్ను, కిటికీ, చక్రము వంటి ఆకారములను పట్టును. ఫొటోలో ఏ ఆకారము ఎచ్చటనున్నదో లోపలి పొర చెప్పినదానిని విషయముగా నిలుపుకొనిరి. చిత్రకారుని బొమ్మనుండి మాత్రము ఏది ఎచ్చటనున్నదను సంగతిని పూర్తిగా పారవేసి, ఏ లక్షణముతో ఏ లక్షణము కలసి వచ్చుచున్నదో ఆ లెక్కను మాత్రము తీసికొనిరి: పసుపు మరక వచ్చినప్పుడెల్ల వంపు గీటు వచ్చుచున్నదా, నీలము వచ్చినప్పుడెల్ల పొట్టి గీటులు దట్టముగా వచ్చుచున్నవా? ఇట్టి సహవాసముల పట్టికయే వారి లెక్కలో శైలి. పిదప అర్థము లేని చుక్కల చిత్రముతో మొదలుపెట్టి, విషయము ఫొటోకును, సహవాసములు బొమ్మకును దగ్గరగునట్లు పిక్సెళ్లను మరల మరల కొద్దికొద్దిగా సవరించుచు పోయిరి. ట్యూబింగెనులో నెకార్ నది యొడ్డున నున్న ఇండ్ల ఫొటో, 1889లో వాన్‌గో వేసిన 'నక్షత్రాల రాత్రి' చిత్రపు సుడులతో నిండిపోయినది. మరుసటి సంవత్సరమే ఈ పని సెకనులో ముగియునట్లు పద్ధతులు వచ్చినవి. 2016లో ప్రిస్మా అను యాప్ ద్వారా ఇది కోట్ల ఫోనులకు ప్రాకినది.

స్థానమును పారవేయుటయే ఈ పద్ధతికి బలము, అదియే దానికి పరిమితి. వాన్‌గో సుడులను ఆకాశమున నిలిపి, క్రింద ఊరిని పొట్టి గీటులతో నిశ్చలముగా నుంచెను. ఆ నిశ్చలతయే సుడులకు వేగము నిచ్చినది. పట్టికలో సుడులు మిగిలినవి గాని, అవి ఎచ్చట వలదో మిగులలేదు. అందుచేతనే ఈ యాప్‌లలో బుగ్గపైనను, కుర్చీకాలిపైనను, మబ్బుపైనను ఒకే సుడి తిరుగుట చూతుము. వడ్డాది పాపయ్యగారి నీటిరంగుల బొమ్మ నొకదానిని శైలిగా ఇచ్చినను, ఆయన రంగుల పొందికయు, పూతల మెత్తదనమును రాగలవు. ఏ వంపు దగ్గర గీతను బిగించి, ఏ కొంగు దగ్గర గాలికి వదలివేయవలెనను తీర్పు రాదు. ఒక చిత్రకారుని జీవితకాలపు సాధనలో పైకి కనబడు భాగమును అతని యనుమతి లేకయే ఇట్లు తీసికొనవచ్చునా యను ప్రశ్నయు ఇచ్చటనే తలయెత్తినది. న్యాయస్థానములును, చట్టసభలును దానిపై ఇంకను తేల్చవలసియున్నది.

కాగితముపై కొలత

ఇంత తెలిసిన పిదపను, చేసి చూచువారు సాధారణముగా మరచునది కొలత. ఫిల్టరు మీటలన్నియు పిక్సెళ్లలో మాటలాడును; చూచువాని కన్ను మిల్లీమీటర్లలో చూచును. అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చువేయునప్పుడు 4000 పిక్సెళ్ల వెడల్పు గల ఫొటో 13 అంగుళములకు కొంచెము మించి వచ్చును. 12 పిక్సెళ్ల గీటు ఆ కాగితముపై దాదాపు 1 మిల్లీమీటరు మాత్రమే. తైలవర్ణములకు వాడు అర సెంటీమీటరు కుంచె జాడ కావలెనన్నచో గీటు 60 పిక్సెళ్లుండవలెను. తెరపై ఫొటోను పెద్దదిగా లాగి చూచుకొనుచు 12 దగ్గర ఆగినవాడు, అచ్చు చేతికి రాగానే కుంచె జాడ యెక్కడికి పోయినదని వెదకుకొనును. ఇక అదే ఫొటోను 1000 పిక్సెళ్లకు కుదించి ఫోనులో పంపినచో ఆ గీటు 3 పిక్సెళ్లకు దిగజారి, చిత్రము మరల మామూలు ఫొటోగా, కొంచెము మసకబారిన ఫొటోగా కనబడును. కనుక ఫొటో తుదకు ఎచ్చట నిలువనున్నదో, ఎంత దూరమునుండి చూడబడునో ముందుగా నిర్ణయించుకొని, దానిని ఆ కొలతకు కుదించిన తరువాతనే ఫిల్టరును నడపవలెను. కాన్వాసు నేత, కాగితపు గరుకు మొదలగునవి అన్నిటికన్న చివర, ఆ కొలతలోనే చేర్చవలెను. ముందే చేర్చినచో ఫిల్టరు ఆ నేతపోగులను గూడ అంచులుగా భ్రమించి, వాని వెంట కుంచెను నడపును.